రెండో నంబరు తుపాకీ

తుపాకీ శుభ్రం చేయబోయే మనిషి ముందుగా దాన్ని తెరిచి, లోపల తూటా లేదని చూసుకుంటాడు. ముప్ఫయ్యేళ్ళుగా పాత తుపాకులు సేకరిస్తున్న ఆంబ్రోస్ థర్టిల్ ఆ పని మరిచిపోయాడంటే ఇన్‌స్పెక్టర్ హెస్టర్ టింబ్రెల్‌కి నమ్మబుద్ధి కాలేదు.

ఆయన పోయి అప్పటికి అయిదు రోజులు. స్థానిక ఇన్‌స్పెక్టర్ కోలిన్ గర్లింగ్ మూడు పేజీల రిపోర్టు రాసి కేసు ముగించేశాడు. శుభ్రం చేస్తుండగా తుపాకీ ప్రమాదవశాత్తూ పేలింది, గుళ్ళు ఛాతీలో దిగాయి, మరణం గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి పది నిమిషాల ముందు. అంతే. అనుమానపు చావుల్ని విచారించే అధికారి, కరోనర్, మాత్రం సంతకం పెట్టే ముందు ఇంకొకరు చూస్తే బాగుంటుందని జిల్లా కేంద్రానికి కబురు పెట్టాడు. అలా వచ్చింది హెస్టర్.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికే ఆమె స్టేషన్‌లో సంతకం పెట్టి, సీలు వేసిన మూడు సంచులు తీసుకుంది. ఒకదాంట్లో తుపాకీ, రెండోదాంట్లో పేలిన తూటా గొట్టం, మూడోదాంట్లో బల్ల మీద దొరికిన వేలంపాట కేటలాగు. వాటితో నేరుగా థార్న్‌వెల్ హౌస్‌కి వచ్చి, థర్టిల్ ప్రాణం పోయిన గదిలో తలుపేసుకుని కూర్చుంది.

గదికి మూడు వైపులా అద్దాల బీరువాలు. వాటిలో నలభై రెండు తుపాకులు. నాలుగో వైపు అరల నిండా వేలంపాటల కేటలాగులు, ముప్ఫయ్యేళ్ళవి, తేదీల వరసలో. కిటికీ పక్కన రాతబల్ల. దాని మీద నూనె సీసా, తుడిచే గుడ్డ, గొట్టంలో దూర్చే కడ్డీ ఫొటోల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. హెస్టర్ సీసా మూత తిప్పి చూసింది. బిగుసుకుపోయి ఉంది. గుడ్డ వాసన చూసింది. ఉతికి ఇస్త్రీ చేసిన వాసన తప్ప నూనె వాసన లేదు.

సంచిలోంచి తుపాకీ తీసింది. పక్కపక్కన రెండు గొట్టాలున్న తుపాకీ. 1898లో కారిక్ అండ్ డౌ కంపెనీ ఒకే వాల్‌నట్ దుంగలోంచి కర్రలు చెక్కి చేసిన జంటలో ఇది రెండోది. పైన బంగారంతో 2 అంకె పొదిగి ఉంది. దీని జోడు, ఒకటో నంబరు, ఎదుటి బీరువాలో ఉంది. కిందటి వసంతంలో థర్టిల్ ఈ జంటని యాభై ఎనిమిది వేల పౌండ్లకి కొన్నాడు. విడివిడిగా అయితే ఒక్కోటి పన్నెండు వేలు కూడా పలకవు. జోడు చెదరకుండా నిలిచినందుకే ఆ ధర.

హెస్టర్‌కి ఈ లెక్కలు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె తండ్రి బర్మింగ్‌హామ్‌లో తుపాకులకి కర్ర బిగించే పనివాడు. అవిసె నూనె, ఇనప రజను వాసనల మధ్య పెరిగింది. ఆయన పోయేటప్పుడు ఇచ్చిన ఇత్తడి కొలబద్ద ఇప్పటికీ ఆమె సంచిలో ఉంటుంది. దాన్ని తూటా కూర్చునే గూట్లోకి జార్చి చూసింది. సరిగ్గా రెండున్నర అంగుళాలు. ఆ తర్వాత పేలిన తూటా గొట్టాన్ని కొలిచింది. రెండుముప్పావు.

మరోసారి కొలిచింది. రెండుముప్పావే.

పావు అంగుళం అంటే ఎంతని ఎవరైనా అనుకోవచ్చు. పేలకముందు తూటా మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి ఈ గూట్లో బాగానే పడుతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవటానికి చోటుండదు. ఒత్తిడి పెరిగి తుపాకీ పాత గొట్టాలు చీలినా చీలతాయి. అందుకే పాత తుపాకులున్న ఇంట్లోకి పొడుగు తూటాల్ని ఎవరూ రానివ్వరు. థర్టిల్ తూటాల పెట్టె తీయించి చూసింది. పదకొండు డబ్బాలు. అన్నీ రెండున్నర అంగుళాలవే.

ఆ తూటా థర్టిల్‌ది కాదు. ఎవరి జేబులోంచో వచ్చింది.

హెస్టర్ వంటింట్లోకి వెళ్ళింది. డోరీన్ లామ్ ఆ ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. వయసు అరవై దాటింది. వండేందుకు ఎవరూ లేకపోయినా బంగాళాదుంపల తొక్కు తీస్తోంది. అడగ్గానే తడుముకోకుండా చెప్పుకొచ్చింది. గురువారం పదింటికి టీ పట్టుకెళ్ళింది. అప్పటికే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని లండన్‌లో జరిగే వేలం చూస్తూ కేటలాగులో పెన్సిల్‌తో ధరలు వేసుకుంటున్నాడు. ప్రతి వేలానికీ అంతే, కొన్నా కొనకపోయినా. పదీ ఇరవై అయిదుకి చప్పుడు వినిపించింది. చేపల బండి పదిన్నరకి వస్తుంది కాబట్టి అప్పుడే గడియారం చూసుకుంది. ఆ రోజు పక్క పొలాల్లో నెమలికోళ్ళ వేట, పొద్దున్నుంచీ చప్పుళ్ళే. కానీ ఈ చప్పుడుకి వంటింటి కిటికీ అద్దం అదిరింది. వేటగాళ్ళు ఇంటికి మరీ దగ్గరగా వచ్చారనుకుని, తిట్టుకుంటూ చేపలకి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి చెల్లెలింటికి. తిరిగొచ్చి ఒంటీ నలభైకి భోజనం పట్టుకెళ్తే ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

“ఇదంతా గర్లింగ్‌కి చెప్పారా?” అని అడిగింది హెస్టర్.

“చెప్పానమ్మా. ‘పొద్దున్నుంచీ చప్పుళ్ళు వినిపించాయి’ అని రాసుకున్నాడు. అది కాదు బాబూ, ఒకటి వేరేగా ఉందన్నాను. కలం మూసేశాడు.”

ఇంకొకటి కూడా చెప్పింది డోరీన్. చనిపోవటానికి రెండు రోజుల ముందు ఆయనకి తుపాకుల కంపెనీ నించి ఉత్తరం వచ్చింది. పాత రికార్డులు వెతికించి తెప్పించుకున్నాడట. అది చదివి ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

“సాయంత్రం ఆ రెండో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ‘ఇది దాని తోబుట్టువు కాదు డోరీన్. అసలుది వందేళ్ళ కిందటే ఒక అగ్నిప్రమాదంలో కాలిపోయిందట. గురువారం వాణ్ణి రమ్మన్నాను, మొహం మీదే అడుగుతాను’ అన్నాడు. వాడంటే ఎవడో నేనడగలేదు. అడగాల్సింది.” తొక్కు తీసే చాకు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

ఆ ఉత్తరం ఇంట్లో ఎక్కడా లేదు. స్టేషన్ సంచుల్లోనూ లేదు.

పన్నెండవుతుండగా వాకిట్లో కారు ఆగింది. గర్లింగ్ వచ్చాడు. యాభై దాటిన బలమైన మనిషి. ఈ ప్రాంతంలో తుపాకుల లైసెన్సులన్నీ పదిహేనేళ్ళపాటు అతని చేతి మీదుగానే సాగాయి. వెంట పియర్స్ ఆష్‌కూమ్ ఉన్నాడు, కారు అతనిదే. పాత తుపాకుల వ్యాపారి. థర్టిల్‌కి ఆ జంటని అమ్మింది అతనే. ఆస్తి పంపకాల కోసం సేకరణకి విలువ కట్టాలని, అందుకు తనే పిలిచానని గర్లింగ్ చెప్పాడు.

“ఏమ్మా హెస్టర్, నా కేసుకి అతుకులేస్తున్నావా?” అన్నాడు గుమ్మంలోంచే.

“అతుకులు కాదు, కుట్లు విప్పుతున్నాను.”

“కర్రలు చెక్కేవాడి కూతురివి. చేతిలో కొలబద్ద ఉంటే ఊరుకోబుద్ధి కాదు మరి.”

హెస్టర్ అతనితో మాట పెంచుకోలేదు. ఆష్‌కూమ్ వైపు తిరిగింది. గోధుమరంగు ఉన్ని కోటు, శుభ్రంగా కత్తిరించుకున్న గోళ్ళు, ఎవరి ఇంట్లోనైనా సొంతిల్లులా నిలబడగల మనిషి. గురువారం ఎక్కడున్నారని అడిగింది. లండన్‌లో, వేలం హాల్లో అన్నాడు. పన్నెండూ నలభై ఏడుకి రెండు వందల యాభై తొమ్మిదో లాటు, అంటే వేలంలో ఆ నంబరు వస్తువు, తనే పాడుకున్నాడు, వీడియోలో చూసుకోవచ్చన్నాడు.

“పన్నెండూ నలభై ఏడు సరే. ఉదయం?”

“ఉదయం ఎక్కడుంటే ఏం మేడమ్? ఆంబ్రోస్ రెండొందల అరవై రెండో లాటు దాకా ధరలు వేసుకుంటూనే ఉన్నాడు కదా. పోయినవాడు పెన్సిల్ పట్టుకోడు.”

గర్లింగ్ రిపోర్టులో కేటలాగు ప్రస్తావన ఉంది, అందులోని ధరల్ని బట్టే మరణ సమయం కట్టాడు. ఏ లాటు దాకా రాసుందో లేదు. కేటలాగు గురువారం మూడుంబావు నించీ సీలు వేసిన సంచిలో ఉంది.

“ఆ నంబరు మీకెవరు చెప్పారు?”

“నేనే చెప్పాను,” అన్నాడు గర్లింగ్ గబగబా. “వేలం గురించి తెలిసినవాడని సలహా అడిగాను. అదీ తప్పేనా?”

హెస్టర్‌కి ఒళ్ళు మండింది. పాతికేళ్ళ ఉద్యోగంలో కోపాన్ని పళ్ళ వెనకే ఆపుకోవటం నేర్చుకున్న మనిషి ఆ క్షణంలో ఆపుకోలేకపోయింది.

“తెలిసినవాణ్ణి అడిగావు. ఇంట్లో ఉన్న మనిషి చెబుతుంటే కలం మూసేశావు. డోరీన్ ఆ చప్పుడు పదీ ఇరవై అయిదుకి విన్నది. గడియారం చూసి మరీ చెబుతోంది. కిటికీ అద్దం అదిరిందట. నీ రిపోర్టులో ఆ ముక్క ఎక్కడ?”

అనేశాక, ఎవరి ముందు అన్నదో తెలిసింది. ఆష్‌కూమ్ ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్ళు మాత్రం వంటింటి వైపున్న తలుపు మీదికి వెళ్ళి వెనక్కి వచ్చాయి. వీళ్ళిద్దరి పోట్లాట తేలేలోగా కప్పు టీ తాగి వస్తానని, మర్యాదగా తలవంచి బయటికి నడిచాడు. ఆ చూపు హెస్టర్‌కి బాగా లేదు. కానీ అప్పటికి ఆమె మనసంతా రెండు వందల అరవై రెండు అన్న అంకె చుట్టూ తిరుగుతోంది. తర్వాత ఎన్నోసార్లు తనని తాను తిట్టుకున్నది ఆ ఒక్క సంగతికే.

చేతి తొడుగులు వేసుకుని సంచి కత్తిరించి కేటలాగు బయటికి తీసింది. గర్లింగ్ కిటికీ దగ్గరికి వెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాడు.

వేలం పదింటికి మొదలైంది. తనకి ఆసక్తి ఉన్న లాట్ల పక్కన మాత్రమే థర్టిల్ ధర వేసేవాడు. నాలుగో లాటు, 950. పదకొండు, 1400. ఇరవై తొమ్మిది, 2200. ముప్ఫయ్ ఎనిమిది, 1800. అక్కణ్ణించి నలభై నాలుగు, 1375. యాభై ఒకటి, 3250. చేతిరాత అంతా ఒకేలా ఉంది. పెన్సిల్ కూడా అదే. అలా రెండు వందల అరవై రెండు దాకా ఇరవైకి పైగా ధరలు.

1375 దగ్గర ఆమె వేలు ఆగింది.

లేచి అరలోంచి పాత కేటలాగులు చేతికందినవి అయిదారు లాగింది. పదేళ్ళ కిందటివి, ఇరవయ్యేళ్ళ కిందటివి. పేజీ తర్వాత పేజీ తిప్పింది. అన్నీ వందల్లో ఆగే అంకెలు, వెయ్యిలోపు అయితే యాభైల్లో. చివర డెబ్భై అయిదు ఉన్న ధర ఒక్కటి కూడా లేదు. సుత్తి పడగానే విన్న ధరని విన్నట్టు వేసుకునే మనిషి రాత అది.

లండన్‌కి ఫోన్ చేసింది. వేలం సంస్థలో లెక్కలు చూసే ఆవిడ కంప్యూటర్ తెరిచి చూసి చెప్పింది. వెయ్యి దాటాక పాట వందేసి పెరుగుతుంది, రెండు వేలు దాటాక రెండొందలేసి. డెబ్భై అయిదు అన్నది పాటలో రానే రాదు. నలభై నాలుగో లాటు పదకొండు వందల దగ్గర సుత్తి కొట్టేశారు. దాని మీద పాతిక శాతం మా కమిషన్ కలిపితే మీరు చెప్పిన పదమూడు వందల డెబ్భై అయిదు వస్తుంది. వెబ్‌సైట్‌లో పెట్టేవి కమిషన్ కలిపిన ధరలేనని చెప్పింది.

“ఆ ధరలు వెబ్‌సైట్‌లోకి ఎప్పుడు వచ్చాయి?”

“ఆ రోజు ఆలస్యమైంది. సాయంత్రం అయిదున్నరకి నేనే ఎక్కించాను.”

హెస్టర్ ఫోన్ పెట్టేసింది. స్టేషన్ రిజిస్టరు నకలు ముందుకు లాక్కుంది. గురువారం, మూడుంబావు, కేటలాగు ఒకటి, సీలు వేసినది కోలిన్ గర్లింగ్. ఆ తర్వాత మంగళవారం ఉదయం తొమ్మిదికి తన సంతకం. మధ్యలో ఇంకెవరి పేరూ లేదు. మూడుంబావుకి సంచిలోకి వెళ్ళిన పుస్తకంలో అయిదున్నరకి పుట్టిన అంకెలున్నాయి. థర్టిల్ వేసిన చివరి ధర ముప్ఫయ్ ఎనిమిదో లాటుది. అది పలికింది పదీ ఇరవై నాలుగుకి. పదీ ఇరవై అయిదుకి ఇక్కడ మనిషిని చంపి కారెక్కితే, రెండుంబావు గంటల్లో లండన్ వేలం హాల్లో చెయ్యెత్తవచ్చు.

“గర్లింగ్, నీకు వేలంపాటల గురించి ఏమన్నా తెలుసా?”

“నాకెందుకు?” అతను తిరగలేదు.

“తెలిసుంటే కమిషన్ తీసేసి రాసేవాడివి.”

అరిస్తే బాగుండుననుకుంది హెస్టర్. అతను అరవలేదు. మాట్లాడినప్పుడు గొంతు నీరసంగా, ముసలివాడిదిలా ఉంది.

పదకొండేళ్ళ కిందట మొదలైందన్నాడు. లైసెన్సు లేని తుపాకులు అప్పగిస్తే కేసు ఉండదని ప్రకటించిన వేసవి. భర్తలు పోయిన ఆడవాళ్ళు అటకల మీద దొరికినవాటిని దుప్పట్లలో చుట్టి తెచ్చేవాళ్ళు. అన్నిటినీ యంత్రంలో వేసి నలిపెయ్యాలి. చెత్తవి నలిపేశాడు. కొన్ని మాత్రం…

“చేతులు రాలేదు హెస్టర్. నూరేళ్ళ కిందట ఎవడో ప్రాణం పెట్టి చెక్కిన పువ్వులు. వాటిని తుక్కు చెయ్యమంటారు. ఆష్‌కూమ్‌కి ఇచ్చాను. మొదట ఊరికే ఇచ్చాను. తర్వాత ఊరికే కాదు. వాడు నంబర్లు గీకి కొత్తవి కొట్టేవాడు. ఈ రెండో నంబరు కూడా అలా వచ్చిందే.”

గురువారం రాత్రి ఆష్‌కూమ్ ఫోన్ చేశాడట. మాటా మాటా పెరిగింది, బెదిరిద్దామని జేబులోని తూటా పెట్టాను, పెనుగులాటలో పేలిందన్నాడట. నా పేరు బయటికొస్తే నీ పేరూ వస్తుందన్నాడట. పన్నెండున్నర దాటేదాకా ముసలాయన బతికున్నట్టు కనబడాలి, అంతేనన్నాడట.

“అంకెలు మాత్రమే రాశాను,” అన్నాడు గర్లింగ్. “మనిషిని నేను ముట్టుకోలేదు.”

అప్పుడు గమనించింది హెస్టర్, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని. వంటింట్లో కప్పుల చప్పుడు లేదు, మాటల్లేవు. పరుగెత్తింది. పొయ్యి మీద కెటిల్ ఈల వేసి వేసి నీళ్ళు మరిగిపోయి అడుగు మాడుతోంది. డోరీన్ చాకు నేల మీద పడి ఉంది. దొడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో హెస్టర్ కారు ఒక్కటే ఉంది.

తిరిగొచ్చేసరికి గర్లింగ్ ఇంకా ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ కిటికీ వాకిట్లోకే తెరుచుకుంటుంది.

“నువ్వు చూశావు.”

గర్లింగ్ కిటికీ తెర లాగేశాడు.

“ఆవిణ్ణి కారెక్కిస్తుంటే ఇక్కడే నిలబడి చూశావు. ఎంతసేపయింది?”

“పది నిమిషాలు. స్టేషన్‌కి తీసుకెళ్ళి స్టేట్‌మెంట్ మార్పిస్తాడేమో అనుకున్నాను.”

“నిజంగా అనుకున్నావా?”

గర్లింగ్ ముఖం అప్పుడు చూసింది ఆమె. చెమటతో తడిసి, రంగు పోయి ఉంది. ఆమెకి అతని మీద జాలి కలగలేదు. తన మీదా కలగలేదు. డోరీన్ పేరు ఆ మనిషి చెవిలో వేసింది తను. కారు కదులుతుంటే నోరు మూసుకున్నది ఇతను. ఇద్దరి మధ్యా ఆ పెద్దావిడ ఒంటరిగా హంతకుడి పక్క సీట్లో కూర్చుంది.

“నీ రేడియో తియ్యి,” అంది. “కారు నంబరు చెప్పు. దారులన్నీ ఆపమను.”

గర్లింగ్ రేడియో తీశాడు. కారు నంబరు, రంగు, లోపల ఇద్దరున్నారని చెప్పాడు. అటునించి కంట్రోల్ రూమ్ ఆవిడ కారణం ఏమని రాసుకోవాలని అడిగింది. ఇంకా అబద్ధం చెప్పటానికి అతనికి వీలుంది. హెస్టర్ ఎదురుచూసింది.

“హత్య,” అన్నాడు చివరికి. “ఆంబ్రోస్ థర్టిల్ హత్య. తీసుకెళ్ళింది సాక్షిని. ఆ కేసులో సాక్ష్యం మార్చింది కోలిన్ గర్లింగ్. ఆ… నేనే. అలాగే రాసుకో.”

రేడియో బల్ల మీద పెట్టి, నడుముకున్న బేడీలు తనే విప్పి దాని పక్కన పెట్టాడు. హెస్టర్ వాటిని ముట్టుకోలేదు. కేటలాగు చంకలో పెట్టుకుని పరుగెత్తి కారెక్కింది.

గేటు దాటి అర మైలు వెళ్ళాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు తారు రోడ్డు, టౌనుకి, స్టేషన్‌కి. ఎడమవైపు ఉప్పు బురద నేలల మీదుగా సముద్రం దాకా పోయే మట్టిబాట. మధ్యాహ్నం పోటు ఎక్కితే అక్కడ మనిషే కాదు, ఆవు చిక్కుకున్నా తేలదు. హెస్టర్ కారాపి కిందికి వంగి చూసింది. తారు మీద ఏమీ లేదు. ఎడమ బాటలో మాత్రం వెడల్పాటి టైర్ల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. వాటిలోకి ఇప్పుడిప్పుడే నీరు ఊరుతోంది.

ఆమె ఎడమకి తిప్పింది.